రీఫండ్ కోసం ఎదురుచూస్తున్నారా? ఈలోగా ప్రయాణ ఖర్చుల కాగితాలు ఇలా సర్దుకోండి

నేను రైస్‌మిల్లు విడిభాగాలకు కమీషన్ మీద ఆర్డర్లు పట్టే మనిషిని. ఉండేది తాడేపల్లిగూడెం. నెలలో సగం రోజులు మండపేట, మిర్యాలగూడ, నెల్లూరు, కరీంనగర్ తిరుగుతుంటాను. ఏడాదికి రెండు మూడుసార్లు కర్ణాటకలోని గంగావతి దాకా వెళ్తాను. రిటర్నుల సీజను అయిపోయాక మా లైన్లో ఎవరు ఎదురుపడినా రబ్బరు రోల్ రేటు తర్వాత అడుగుతారు, ముందు "రీఫండ్ పడిందా?" అంటారు. పడనివాళ్ళు పొద్దున లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ తెరిచి చూస్తుంటారు. నేనూ చూసేవాణ్ణి. చూసినంత మాత్రాన పడదు గానీ, ఆ నెలల్లో చేసుకోవాల్సిన పని ఒకటుంది. మనలాంటి వాళ్ళ రీఫండ్ పుట్టిందే ప్రయాణ ఖర్చుల్లోంచి. రేపు ఎవరైనా "ఇంత ఖర్చెలా అయింది?" అని అడిగితే చూపించడానికి కాగితం ఉందా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

ఒక లెక్క చూడండి. ఏడాదికి కమీషన్ 16,00,000 వచ్చిందనుకుందాం. కంపెనీలు 194హెచ్ సెక్షన్ కింద 2 శాతం టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్ళే ముందుగా కోసి కట్టే పన్ను) పట్టుకున్నాయి. (2024 అక్టోబరు 1కి ముందు ఇది 5 శాతం.) అంటే 32,000 మన చేతికి రాకముందే పోయింది. ప్రయాణాలు, బస, ఫోను, కొరియరు అన్నీ కలిపి ఖర్చు 6,00,000. మిగిలిన లాభం 10,00,000. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. పట్టుకున్న 32,000 మొత్తం వెనక్కి రావాలి.

అదే మనిషి, అదే ఏడాది. ఆ 6 లక్షలకు రుజువు చూపలేకపోతే ఆదాయం 16 లక్షలని లెక్కేస్తారు. పన్ను 1,20,000, సెస్సు 4,800, వెరసి 1,24,800. టీడీఎస్ పోను 92,800 ఎదురు కట్టాలి, వడ్డీ వేరే. అంత దూరం పోకుండా ఆరులో రెండున్నర లక్షలే కొట్టేశారనుకున్నా, ఆదాయం 12.5 లక్షలకు చేరి సెస్సుతో కలిపి 52,000 పన్ను పడుతుంది. రావాల్సిన రీఫండ్ రాకపోగా ఇంకో 20,000 మనమే కట్టాలి. టోల్ రసీదే కదా అని కిటికీలోంచి పారేసే ముందు ఈ అంకెలు ఒకసారి గుర్తుచేసుకోండి.

ముందుగా: ఈ తంటా మీకు అవసరమేనా?

అందరికీ అవసరం లేదు. చిన్న వ్యాపారులు 44ఏడీ సెక్షన్ కింద అంచనా లాభం చూపించుకోవచ్చు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు అమ్మకాల మీద 8 శాతం. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్ల వంటి వృత్తుల వాళ్ళకు 44ఏడీఏ ఉంది. వచ్చిన ఫీజులో సగం లాభం అని చూపిస్తే సరిపోతుంది. ఈ రెండు దార్లలోనూ ప్రయాణ ఖర్చు అందులోనే కలిసిపోయినట్టు లెక్క. బస్సు టికెట్టు ఎవరూ అడగరు, మీరు విడిగా తగ్గించుకోవడానికీ లేదు.

కమీషన్, బ్రోకరేజి, ఏజెన్సీ మీద బతికేవాళ్ళను మాత్రం 44ఏడీ తన గడప తొక్కనివ్వదు. మనకు ఐటీఆర్-3 (అసలు లాభనష్టాలు చూపే రిటర్ను ఫారం), అసలు లెక్కలు, పుస్తకాలు తప్పవు. చాలామంది మా లైన్లో తెలియక, అంచనా లాభం వాళ్ళు వాడే ఐటీఆర్-4లో 6 శాతం చూపించేస్తున్నారు. అది తప్పు. వృత్తుల వాళ్ళు కూడా నిజంగా ఖర్చు సగానికి మించిందని తక్కువ లాభం చూపించాలంటే పుస్తకాలతో పాటు ఆడిట్ కూడా చేయించుకోవాలి. దానికయ్యే ఫీజు, దాంతో తగ్గే పన్ను పక్కపక్కన పెట్టి చూసుకోండి.

జీతగాళ్ళ సంగతి వేరు. కంపెనీ పని మీద తిరిగితే టీఏ బిల్లు కంపెనీకే పెట్టాలి. కంపెనీ ఇవ్వని ఖర్చును ఐటీఆర్‌లో తగ్గించుకునే వీలు లేదు. వాళ్ళకున్నదల్లా స్టాండర్డ్ డిడక్షన్, కొత్త విధానంలో 75,000, పాతదాంట్లో 50,000.

రెండు: తిరుగుళ్ళ చిట్టా మొదలుపెట్టండి

బిల్లులు పోగేయడం అందరికీ తెలుసు. చిట్టా రాయడమే ఎవరికీ ఒంటబట్టదు. కానీ చిట్టా లేని బిల్లు సగం రుజువే. లాడ్జి బిల్లు మీరు మిర్యాలగూడలో పడుకున్నారని చెబుతుంది, ఎందుకు పడుకున్నారో చెప్పదు. 37(1) సెక్షన్ అడిగేది ఆ "ఎందుకు" గురించే. ఖర్చు పూర్తిగా, కేవలం వ్యాపారం కోసమే అయి ఉండాలంటుంది.

ఒక నోటుపుస్తకం చాలు. నాది రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. ఇలా రాస్తాను:

"12-8-2025, మంగళవారం. గూడెం నుంచి మిర్యాలగూడ, సొంత కారు. మీటరు 48,210 – 48,452. రెండు మిల్లులు. మొదటిదాంట్లో ఎలివేటర్ బకెట్లకు కొటేషన్ ఇచ్చాను. రెండోదాంట్లో ఓనరు లేరు, గుమస్తాకు కార్డు ఇచ్చి వచ్చాను. రాత్రి బస అక్కడే, బిల్లు ఉంది. టీ, టిఫిన్, భోజనం 380."

అసలు పుస్తకంలో మిల్లుల పేర్లు, కలిసిన మనిషి పేరు కూడా ఉంటాయి. చూశారుగా, రెండో మిల్లులో పని కాలేదు. అయినా రాశాను. ఆర్డరు రాని ప్రయాణం ఖర్చు కిందికి రాదని మా వాళ్ళలో ఒక అపోహ ఉంది. చట్టం అలా అనలేదు. వ్యాపారం కోసం వెళ్ళారా లేదా అన్నదే లెక్క, లాభం వచ్చిందా అని కాదు. నిజానికి అక్కడక్కడా "పని కాలేదు" అని ఉన్న చిట్టానే నమ్మబుద్ధేస్తుంది. ప్రతి ప్రయాణమూ విజయయాత్రలా రాసి ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఏ రోజుది ఆ రోజే రాయండి. మార్చి నెలాఖరున కూర్చుని ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో ఏడాది మొత్తం రాసిన పుస్తకాన్ని చూడగానే పసిగట్టేస్తారు. చేతితో రాయడం బద్ధకమైతే రాత్రి లాడ్జిలో మీ నంబరుకు మీరే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టుకోండి. దాని మీద తేదీ, సమయం వాటంతటవే పడతాయి. వారానికోసారి పుస్తకంలోకి ఎక్కించండి. కొటేషన్ మెయిళ్ళు, మిల్లువాళ్ళు "రేపు రండి" అని పెట్టిన మెసేజ్‌లు తుడిచేయకండి. అవి చిట్టాకు సాక్షులు.

మూడు: ఏ ఖర్చుకు ఏ కాగితం

బస్సు టికెట్లు, టోల్ రసీదులు, పెట్రోలు బిల్లులు ఇప్పుడన్నీ థర్మల్ కాగితం మీదే వస్తున్నాయి. ఎండకు, వేడికి అక్షరాలు ఎగిరిపోతాయి. ఒక ఏడాది నేను బిల్లులన్నీ కారు డాష్‌బోర్డు అరలో దాచాను. మే నెల దాటాక తీస్తే తెల్లకాగితాలు! మా ఆడిటర్ గారు ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసి "ఇవి బిల్లులా, అప్పడాలా?" అన్నారు. అప్పట్నుంచి బిల్లు చేతికి రాగానే ఫోటో తీస్తున్నాను. ఫోన్‌లో నెలకో ఫోల్డరు. ఒక్కో ఫోటో పేరు తేదీతో మొదలవుతుంది, "2025-08-12 లాడ్జి" అన్నట్టు. ఆర్టీసీ టికెట్టు ఆన్‌లైన్లో తీసుకుంటే ఆ బాధ కూడా ఉండదు, మెయిల్లో ఉంటుంది.

రైలైతే ఐఆర్‌సీటీసీ టికెట్టు పీడీఎఫ్ చాలు. ఒక టికెట్టు మీద ఇద్దరు ముగ్గురు ప్రయాణం చేసుంటే మీ వాటా మాత్రమే తీసుకోండి. విమానానికి టికెట్టుతో పాటు బోర్డింగ్ పాస్ కూడా దాచండి. టికెట్టు కొని రద్దు చేసుకోలేదని చెప్పేది అదే.

సొంత కారు దగ్గరే అసలు చిక్కంతా. కిలోమీటరుకు ఇంత అని మన వ్యాపారులకు ఆదాయపు పన్ను చట్టంలో స్థిరమైన రేటేమీ లేదు. అసలు ఖర్చే చూపాలి. పెట్రోలు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్, టైర్లు, కారు లోను వడ్డీ, దాని మీద 15 శాతం తరుగుదల అన్నీ కలిపి, అందులో వ్యాపారానికి వాడిన భాగం మాత్రమే వేసుకోవాలి. ఆ భాగం ఎంతో తేల్చడానికే మీటరు రీడింగు. ఏప్రిల్ 1 పొద్దున, మార్చి 31 రాత్రి మీటరుకు ఫోటో తీయండి. నడుమ తిరిగిన కిలోమీటర్లలో చిట్టాలో ఉన్నవి ఎన్నో లెక్కేయండి. ఏడాదికి 24,000 తిరిగి చిట్టాలో 16,800 ఉంటే 70 శాతం వ్యాపారానిది. మిగతా 30 శాతం పెళ్ళిళ్ళు, పేరంటాలు, పిల్లల్ని హాస్టల్లో దించడం. 100 శాతం వేసుకునే ధైర్యవంతులు కూడా ఉన్నారు. ఇంట్లో ఉన్నది ఒకటే కారని తెలిశాక ఆ లెక్కను ఎవరు ఒప్పుకుంటారు?

ఫాస్టాగ్ స్టేట్‌మెంటును మించిన సాక్షి లేదు. గూడెం నుంచి మిర్యాలగూడ వెళ్తుంటే కలపర్రు, పొట్టిపాడు, కీసర, చిల్లకల్లు అని ప్లాజా పేరు, తేదీ, నిమిషంతో సహా పడుతుంది. నా చిట్టాలో 12వ తేదీ అని ఉంటే అక్కడా 12 అనే ఉండాలి. ప్రతి మూడు నెలలకోసారి ఆ స్టేట్‌మెంటు దించుకుని పెట్టుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయల ఏడాది పాసు వచ్చింది కదా, అది తీసుకున్నవాళ్ళు పాసు ధరను కూడా కారు ఖర్చులాగే వాటాలు వేయాలి.

లాడ్జి బిల్లు మీ పేరుతో, వచ్చిన రోజు, వెళ్ళిన రోజుతో ఉండాలి. "బిల్లు వద్దంటే రెండొందలు తగ్గిస్తాం" అనే కౌంటర్లు మనకు తెలియనివి కావు. ఆ రెండొందలకు ఆశపడితే మొత్తం గదిఅద్దె లెక్కలోంచి జారిపోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకు ఇక్కడో మెలిక ఉంది. హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు జీఎస్టీయే పడుతుంది. ఆంధ్రాలో రిజిస్టరైన మనిషి మిర్యాలగూడలోనో హైదరాబాద్‌లోనో గది తీసుకుంటే తెలంగాణ పన్ను కట్టినట్టు, దానికి ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మన జీఎస్టీ బాకీలో తగ్గించుకునే వీలు) రాదు. రాదు కాబట్టి జీఎస్టీతో కలిపిన మొత్తాన్నీ ఖర్చు కింద రాసుకోవచ్చు. చాలామంది పన్ను తీసేసి మిగతాదే రాసి నష్టపోతున్నారు.

ఆటోలు, హమాలీలు, కాపలావాళ్ళకిచ్చే టీ డబ్బులు: వీటికి బిల్లెక్కడిది? ఒక వోచర్ పుస్తకం కొనుక్కుని మీరే రాసి సంతకం చేయండి. కొన్ని వృత్తుల వాళ్ళు ఎలాంటి పుస్తకాలు ఉంచాలో చెప్పే 6ఎఫ్ నిబంధన కూడా బిల్లు దొరకని చిన్న ఖర్చుకు సొంత వోచరు చాలని ఒప్పుకుంటుంది. కాకపోతే అందులో చెప్పిన పరిమితి యాభై రూపాయలు. యాభైకి ఇవాళ ఆటో మీటరు తిరగడం మాట అటుంచి, డ్రైవరు వెనక్కి కూడా తిరగడు. అందుకే ఆటోకైనా యూపీఐలో కట్టి, నోట్ గడిలో "నెల్లూరు స్టేషన్ – మిల్లు" అని రెండు ముక్కలు రాయండి. యూపీఐ చరిత్ర ఒక్కటే ఉంటే అది బిల్లు కాదు. డబ్బు పోయిందని చెబుతుంది, దేనికని చెప్పదు. ఆ రెండు ముక్కలే దాన్ని పనికొచ్చేలా చేస్తాయి.

నగదుకు ఒక గీత ఉంది. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదుగా ఇస్తే 40ఏ(3) సెక్షన్ కింద ఆ ఖర్చు మొత్తం చెల్లదు. టాక్సీవాడికి నాలుగు రోజుల గంగావతి బాడుగ ఒకేసారి నోట్లలో లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఓవర్‌స్పీడు చలానాలు కూడా రావు. చట్టం ఉల్లంఘించి కట్టిన జరిమానా వ్యాపార ఖర్చు కాదు.

నాలుగు: ఇంటిల్లిపాది వచ్చిన ప్రయాణాలు

నెల్లూరు మిల్లుల పని ఉంది, అక్కణ్ణుంచి తిరుపతి ఎంత దూరం, ఇంట్లోవాళ్ళనీ తీసుకెళ్దాం. ఇది మనందరం చేసేదే. పద్దు విడదీసి రాస్తే తప్పేమీ లేదు. గూడెం నుంచి నెల్లూరుకు నా టికెట్టు, పని ఉన్న రెండు రోజుల బస వ్యాపారానివి. ఇంట్లోవాళ్ళ టికెట్లు, నెల్లూరు తర్వాతి ప్రయాణం, కొండ మీద గది మన సొంతం. లాడ్జిలో పెద్ద గది తీసుకున్నందుకు అదనంగా అయినది కూడా మన సొంతమే. తిరుగు ప్రయాణం నెల్లూరు మీదుగానే అయితే నెల్లూరు–గూడెం వరకు నా వాటా వేసుకుంటాను.

ఈ విడదీత చిట్టాలోనే కనిపించాలి. "14న తిరుపతి, సొంతం" అని రాసి ఉన్న పేజీ మిగతా పేజీలకు బలం.

ఐదు: రిటర్ను తొందరపడి వేయకండి

ఏప్రిల్‌లోనే వేసేస్తే రీఫండ్ ముందొస్తుందని అనుకుంటారు. జనవరి–మార్చి టీడీఎస్ వివరాలు పంపడానికి కంపెనీలకు మే 31 దాకా గడువుంది. అవి చేరాకే, మీ పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో కనిపిస్తాయి. కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16ఏ, జూన్ మధ్యకు వస్తుంది. అంతకుముందే టీడీఎస్ క్లెయిమ్ చేస్తే "మీరన్నది ఒకటి, మా దగ్గరున్నది ఒకటి" అని కోత పడుతుంది. జూన్ రెండో సగంలో 26ఏఎస్, ఏఐఎస్ (శాఖ దగ్గరున్న మీ ఆదాయ వివరాల పట్టిక) రెండూ దించుకుని మీ కమీషన్ బిల్లులతో సరిచూసుకోండి. ఏ కంపెనీ అయినా టీడీఎస్ పట్టుకుని చూపించకపోతే, ముందు వాళ్ళ అకౌంట్స్ వాళ్ళ వెంటపడండి. రిటర్ను వేశాక పడటం కన్నా అది సులువు.

టీడీఎస్ మొత్తం తీసుకుని, దానికి సరిపడా కమీషన్ ఆదాయం తక్కువ చూపిస్తే 139(9) కింద లోపమున్న రిటర్ను అని నోటీసు వస్తుంది. జవాబుకు 15 రోజులే.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. 2025-26 ఆదాయానికి వేసే రిటర్ను ఇంకా 1961 చట్టం ప్రకారమే. అందుకే ఇక్కడ పాత నంబర్లే వాడుతున్నాను. ఆ తర్వాతి ఆదాయానికి సెక్షన్ల నంబర్లు మారతాయి, మీ చిట్టా మాత్రం అదే.

ఆరు: వేశాక వరసగా చూసుకోవాల్సినవి

రిటర్ను వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీతో నిమిషం పని. అది చేయకుండా "మూడు నెలలైంది, ఇంకా రాలేదు" అని ఊళ్ళో అందరికీ చెప్పుకునేవాళ్ళను చూశాను. వెరిఫై కాని రిటర్నును బెంగళూరు సీపీసీ (రిటర్నులు ప్రాసెస్ చేసే కేంద్రం) అసలు ముట్టుకోదు.

తర్వాత బ్యాంకు ఖాతా. పోర్టల్‌లో ఖాతా "వాలిడేటెడ్" అని ఉండాలి, రీఫండ్ కోసం ఎంచుకున్నట్టు గుర్తు ఉండాలి. పాన్‌లో ఉన్న పేరూ బ్యాంకులో ఉన్న పేరూ ఒకటే కావాలి. మనవాళ్ళ ఇంటిపేర్లతోనే గొడవ. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. పాత ఖాతాల వాళ్ళు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ కూడా చూసుకోవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. నేను ఒక ఏడాది పాత పాస్‌బుక్కు చూసి పాత కోడ్ కొట్టి, "రీఫండ్ ఫెయిల్డ్" అన్న మాట వచ్చాక గానీ నాలుక కరుచుకోలేదు. అలా అయితే ఖాతా సరిచేసి, పోర్టల్ సర్వీసెస్ మెనూలో రీఫండ్ రీఇష్యూ అభ్యర్థన పెట్టాలి. ఊరికే కూర్చుంటే మళ్ళీ దానంతటది రాదు. పాన్ ఆధార్‌తో జతకాక పనిచేయని స్థితిలో ఉన్నా రీఫండ్ ఆగిపోతుంది.

ప్రాసెస్ అయ్యాక 143(1) ఇంటిమేషన్ మెయిల్‌కు వస్తుంది. పీడీఎఫ్ తెరవడానికి పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ కొట్టాలి. అందులో రెండు నిలువు వరసలుంటాయి, మీరు చూపించినది ఒకటి, వాళ్ళు లెక్కేసినది ఇంకొకటి. తేడా ఏ అడ్డవరసలో మొదలైందో వెతకండి. టీడీఎస్ దగ్గరైతే 26ఏఎస్ చూడాలి. ఆదాయం దగ్గరైతే ఆడిటర్ గారిని కలవాలి.

ఎన్నాళ్ళు పడుతుంది? చట్టం వాళ్ళకిచ్చిన గడువు పెద్దదే. రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకో తొమ్మిది నెలలు. 2026 ఆగస్టులో వేసినదానికి 2027 డిసెంబరు 31 దాకా అన్నమాట. సాధారణంగా అంత ఆలస్యం జరగదు గానీ, ఐటీఆర్-3లు జీతగాళ్ళ ఐటీఆర్-1 అంత వేగంగా రావని మాత్రం మా లైన్లో అందరి అనుభవం. పిల్ల ఫీజు ఈ డబ్బుతో కడదామని పెట్టుకోకండి.

ఆగిపోతే

పాత బాకీ ఏదైనా ఉంటే 245 కింద రీఫండ్‌ను దానికి జమ వేసుకుంటామని ముందుగా తెలియజేస్తారు. పోర్టల్‌లో పెండింగ్ యాక్షన్స్‌లో, అవుట్‌స్టాండింగ్ డిమాండ్ దగ్గర చూడండి. ఎప్పుడో పదేళ్ళ నాటి టీడీఎస్ తేడా అక్కడ పడి ఉండొచ్చు. ఒప్పుకోకపోతే గడువులోపు కారణంతో సహా "డిజగ్రీ" అని పెట్టాలి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే.

ఇంకొకటి, రీఫండ్ క్లెయిము తేడాగా ఉందన్న అనుమానంతో నిలిపివేయడం. 2025 డిసెంబరులో ఇలాంటి మెసేజ్‌లు, మెయిళ్ళు చాలామందికి వెళ్ళాయి. రాగానే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కంగారుపడి రిటర్ను రివైజ్ చేసేయకండి. చిట్టా, బిల్లులు తీసి కూడండి. మీ అంకె నిలబడితే అలాగే ఉంచండి. నిజంగా ఎక్కువ వేసి ఉంటే మాత్రం వెంటనే రివైజ్ చేయండి. ఆదాయం తక్కువ చూపించారని తేలితే, తగ్గిన పన్ను మీద 50 శాతం జరిమానా. దొంగ లెక్క అని తేలితే 200 శాతం. తర్వాతెప్పుడో ఐటీఆర్-యూలో (గడువులన్నీ దాటాక వేసే సవరణ రిటర్ను) సరిచేద్దామనుకుంటే, దాంట్లో రీఫండ్ అడగడానికీ పెంచుకోవడానికీ వీల్లేదు.

పూర్తి పరిశీలనకు 143(2) నోటీసు ఇవ్వాలంటే, రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపే ఇవ్వాలి. అంటే జూన్ 30 దాటితే ఆ ఏడాదికి ఆ గండం గడిచినట్టు. వచ్చినా ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరగక్కర్లేదు, జవాబులన్నీ పోర్టల్‌లోనే. నెలవారీ ఫోల్డర్లు అప్పుడే అక్కరకొస్తాయి. ప్రతి నెలకు ఒక పీడీఎఫ్ చేయండి. ముందు చిట్టా పేజీ, వెనక ఆ నెల బిల్లులు, చివర ఫాస్టాగ్ స్టేట్‌మెంటు. చదివే అధికారి మిర్యాలగూడ పేరు కూడా విని ఉండకపోవచ్చు, ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చుని ఉండొచ్చు. అతనికి అర్థమయ్యేలా ఒక పేజీలో మీ వ్యాపారమేంటో, ఎందుకు తిరగాలో రాసి పైన పెట్టండి.

ఏ నోటీసూ లేదు, రిటర్ను ఎటూ కదలడం లేదంటే పోర్టల్‌లోనే గ్రీవెన్స్ పెట్టండి. రసీదు నంబరు రాసుకోండి. "మీ రీఫండ్ మంజూరైంది, ఖాతా సరిచూసుకోవడానికి ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లను నొక్కకండి. శాఖ ఎప్పుడూ ఓటీపీ, పిన్ అడగదు.

ఆలస్యానికి వడ్డీ కూడా ఇస్తారు, 244ఏ కింద నెలకు అర శాతం. గడువులోపు వేసినవాళ్ళకు ఏప్రిల్ 1 నుంచి లెక్క. 32,000 అక్టోబరులో వస్తే ఏడు నెలలకు 1,120. గడువు దాటి వేస్తే వేసిన రోజు నుంచే. ఆ వడ్డీ కూడా ఆదాయమే. వచ్చే ఏడాది రిటర్నులో ఇతర ఆదాయం కింద చూపించాలి, ఏఐఎస్‌లో ఎలాగూ కనిపిస్తుంది.

అసలు రిటర్నే వేయని పాత సంవత్సరాల్లో టీడీఎస్ ఇరుక్కుపోయినవాళ్ళు కూడా మా లైన్లో ఉన్నారు. ఆ అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఏడాది) ముగిసిన ఐదేళ్ళలోపు అయితే, తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని 119(2)(బి) కింద అర్జీ పెట్టుకోవచ్చు.

పుస్తకాలు, బిల్లులు ఎన్నాళ్ళు దాచాలంటే, వృత్తుల వాళ్ళకు చెప్పిన ఆరేళ్ళ లెక్కే నేనూ పాటిస్తున్నాను, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి ఆరేళ్ళు. ఫోటోలు ఫోన్‌లోనే వదిలేయకుండా ఒక పెన్‌డ్రైవ్‌లోనూ, మెయిల్లోనూ పెట్టుకోండి.

ఏటా ఈ ఎదురుచూపులు దేనికి అనుకునేవాళ్ళకు ఇంకో దారి ఉంది. ఖర్చులు పోను పన్ను పడదని ముందే తెలిస్తే, తక్కువ టీడీఎస్ పట్టుకోమని సర్టిఫికెట్ అడగొచ్చు. పాత చట్టంలో అది 197 సెక్షన్, ఫారం 13. కొత్త చట్టంలోనూ ఆ సదుపాయం కొనసాగుతోంది. అర్జీతో పాటు గత సంవత్సరాల రిటర్నులు, ఈ ఏడాది ఆదాయం ఖర్చుల అంచనా ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం మొదట్లోనే పెట్టుకుంటే మంచిది, సర్టిఫికెట్ వచ్చేలోపు పట్టుకున్నది మళ్ళీ రీఫండ్‌లోనే అడగాలి. ఆ అంచనా కట్టడానికి ఆడిటర్ గారు మొదట అడిగింది నా పోయినేడాది చిట్టానే.